నమూనా పొట్ట

మా బాబాయి వృత్తి సోఫాలు బాగుచేయడం, వ్యాపకం జబ్బు పడటం. రెండూ ఒకే చోట కానిచ్చేవాడు. రిపేరుకొచ్చిన సోఫా మీదే పడుకుని మూలిగేవాడు. నడుంనొప్పికి ముగ్గురు కూర్చునే సోఫా, గుండెదడకి వెనక్కి వాలేది, తలనొప్పికి ఒంటి కుర్చీ. ఎవరైనా దివాను దించి వెళ్ళారంటే ఆ వారం టైఫాయిడ్ ఖాయం.

నేను కాలేజీ వదిలేసి ఆ షాపులో మేకులు పీకుతున్న రోజులవి. ఉండేదీ వాళ్ళింట్లోనే, షాపు వెనక రెండు గదుల్లో. చదువెందుకు మానేశావని బంధువులంతా పీక్కుతిన్నారు. బాబాయి మాత్రం అడగలేదు. నేనొచ్చిన రోజు ఆయనకి కాలేయం పాడైంది, తీరిక లేదు.

"నా సోఫా ఎంతవరకొచ్చిందయ్యా?" అని ఎవరైనా వచ్చేవారు.

"దాని మీదే ఉన్నానండీ. స్ప్రింగులు చూస్తున్నాను."

"ఎప్పటికిస్తావ్?"

"బతికుంటే శుక్రవారం."

వచ్చినాయన నా వైపు తిరిగేవాడు. "బతుకుతాడంటావా?"

"శుక్రవారం దాకా గ్యారంటీ అండీ," అనేవాణ్ణి.

వీధి చివర డాక్టరమ్మ క్లినిక్కుకి బాబాయి ఒంటరిగా వెళ్ళడు. దార్లో పడిపోతే ఎత్తడానికి మనిషి కావాలట. ఎవరు దొరికితే వాళ్ళని లాక్కుపోయేవాడు. ఓసారి ఎదురు భవనం వాచ్‌మన్ని, ఓసారి పక్కవాటా టీచరుగారిని. పాపం, వాళ్ళ మొహాలు చూస్తే జాలేసేది.

పిన్ని దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. తనకంటూ ఒక ఒళ్ళుందని ఆవిడకి గుర్తే ఉండదు. షాపులో కవర్లు కుట్టేది ఆవిడే. మిషను సూది వేల్లోకి దిగినప్పుడు కూడా "గుడ్డకేమైనా అంటిందా?" అనే అడిగింది.

ఒకరోజు ఆవిడ కుట్టిన కవరు చూస్తే కుట్టు వంకరగా పోయింది. నేనెరిగి అదే మొదటిసారి.

"మిషన్లో ఏదో తేడా ఉందిరా," అంది.

మిషనుకి నూనె పోశాను. రెండో కవరూ వంకరే. ఆవిడ కుడిపక్కకి ఒరిగి కూర్చుని తొక్కుతోంది. భోజనానికి లెమ్మంటే ఆకలి లేదంది. నేను మళ్ళీ నూనె పోశాను.

బాబాయి వచ్చి కాసేపు ఆ కవరుని తిప్పి తిప్పి చూశాడు. చూసి, ఎర్ర రెక్సిన్ సోఫాలో కూలబడ్డాడు.

"నొప్పిరా."

"ఎక్కడ?"

"పొట్టలో. ఎడమపక్క, కింద. మేకు దిగి లోపలే ఉండిపోయినట్టుంది. నిన్నట్నుంచీ ఇంతే. ఒళ్ళు వెచ్చగా ఉంది, తిండి సయించట్లేదు, దొడ్డికీ సరిగ్గా అవట్లేదు."

"ఇందాకేగా మారడిగి మరీ తిన్నావ్?"

"ఓపిక కోసం తిన్నాన్రా, సయించి కాదు." పిన్ని వైపు తిరిగాడు. "ఏమే, తోడు రా."

"వాణ్ణి తీసుకెళ్ళండి. నాకు పనుంది."

"వాడు నన్నెత్తలేడు."

"నేనెత్తగలనా?"

"నువ్వెత్తక్కర్లేదు. పక్కన నిలబడి ఏడిస్తే చాలు."

చివరికి ముగ్గురం బయల్దేరాం. బాబాయి ప్రతి స్తంభం దగ్గరా ఆయాసమంటూ ఆగాడు. ఆగిన ప్రతిసారీ పిన్ని మమ్మల్ని అందుకునేది, పొట్టకి చెయ్యి ఆనించుకుని.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి నొక్కింది.

"ఇక్కడా?"

"కాదేమో."

"ఇక్కడ?"

"అయినా అవచ్చు."

"నొప్పి మీదా, నాదా?"

"అదేనండీ చిక్కు. నమూనా లేకుండా చెప్పలేను."

"నమూనా ఏంటి?"

"మా పనిలో పాత కవరు విప్పి పక్కన పరుచుకోందే కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టమండీ. నా పొట్టలో తేడా తేలాలంటే పక్కన మంచి పొట్ట ఒకటుండాలి. మా ఆవిడది బంగారంలాంటి పొట్ట. ముందు దాన్ని నొక్కి చూసి, తర్వాత నాది నొక్కండి."

పిన్ని మొహం కందగడ్డయింది. "నలుగురిలో పరువు తీస్తున్నారు."

"నలుగురెక్కడే? వాణ్ణి బయటికి పంపితే ముగ్గురమే."

నన్ను తెర బయటికి గెంటారు. లోపల కాసేపు గొణుగుడు, తర్వాత బల్ల కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అప్పుడు డాక్టరమ్మ గొంతు చాలా మెల్లగా వినిపించింది.

"అమ్మా, నా చెయ్యి వదలండి. ఇంక నొక్కను."

నమూనాకి జ్వరం కూడా ఉంది.

సాయంత్రానికి పెద్దాసుపత్రిలో ఉన్నాం. రక్తం తీశారు, స్కాను తీశారు. సర్జను మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. వయసు మీద పడేకొద్దీ పెద్దపేగు గోడకి చాలామందిలో చిన్న చిన్న సంచులు లేస్తాయట, ఎక్కువగా వాటి మానాన అవి పడి ఉంటాయట. పిన్నికి వాటిలో ఒకటి వాచి, పక్కన కాస్త చీము పట్టింది. దాన్ని డైవర్టిక్యులైటిస్ అంటారు.

"ఇంకా ఓర్చుకుంటూ కూర్చుంటే పేగు పగిలి చీము పొట్టంతా పాకేదేమో," అన్నాడు.

"ఇప్పుడు విప్పి కుట్టాలాండీ?" బాబాయి అడిగాడు.

"చీము గడ్డ చిన్నదే. ముందు పేగుకి విశ్రాంతిద్దాం. నోటితో నీళ్ళలాంటివి మాత్రమే, నరంలోకి యాంటీబయాటిక్స్. వాటికి లొంగకపోతే అప్పుడు ఆలోచిద్దాం."

"గొట్టం వేసి లోపల చూడరా?"

"వాపు మీద గొట్టం వేస్తే చిల్లు పడొచ్చు. అంతా తగ్గాక, కొన్ని వారాలు పోయాక చూద్దాం."

"మా పనీ అంతేనండీ. జిగురు ఆరేదాకా సోఫా మీద ఎవర్నీ కూర్చోనివ్వం."

పిన్ని వార్డులో ఉన్నన్నాళ్ళూ ఒక వింత జరిగింది. బాబాయికి ఒక్క జబ్బూ రాలేదు. చుట్టూ రకరకాల జబ్బులు అప్పనంగా దొరుకుతుంటే దేన్నీ అంటించుకోలేదు. చేతులు ఊరుకోక, వార్డులో చిరిగిన స్టూళ్ళన్నిటికీ కొత్త ఫోము వేసి బిగించాడు. నర్సు తిట్టి, తన కుర్చీ కూడా తెచ్చిచ్చింది.

జ్వరం దిగిన పొద్దున పిన్ని "ఆకలేస్తోంది," అంది. బాబాయి వరండాలోకి వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్?"

"సున్నం పెచ్చులూడుతోందిరా," అన్నాడు మొహం తిప్పకుండా.

ఆ రోజే డాక్టరమ్మ చూడ్డానికొచ్చింది. వెళ్తూ వెళ్తూ నాతో అంది:

"మీ బాబాయి గుండ్రాయిలాంటి మనిషి. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్క మాత్ర రాసి ఎరగను. మోకాలన్నాడు, వాచ్‌మన్ మోకాలికి మందిచ్చాను. కళ్ళు మసకలన్నాడు, టీచరుగారికి శుక్లాలు బయటపడ్డాయి. ఈయనొస్తే నేను ముందు తోడొచ్చినవాళ్ళనే చూస్తాను."

"మరి మొన్న పిన్నిని ముందే చూడలేదేం?"

"పెళ్ళాన్ని తెచ్చాడుగా. ఈసారి నిజంగానే ఈయనకేమో అనుకున్నాను."

నేను తిన్నగా బాబాయి దగ్గరికెళ్ళాను. "పిన్నికి నొప్పని నీకెలా తెలిసింది?"

"తెలియడమేంట్రా? నొప్పి నాకేగా వచ్చింది."

"ఇప్పుడెలా ఉంది?"

"తగ్గింది. మంచి మందులేశారు."

పిన్ని ఇంటికొచ్చింది. కొన్నాళ్ళు పలచని సూపులు, ఆ పైన మెల్లగా పీచున్న తిండి, చెంబుల కొద్దీ నీళ్ళు. మిషన్ ముందు తిన్నగా కూర్చుంది.

ఆ వారమే ఎవరో పచ్చ మఖమలు సోఫా దించి వెళ్ళారు. బాబాయి దాని మీద వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తున్నాడు.

"ఒరేయ్, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదురా. ఒక్కచోట కాలు నిలవట్లేదు. ముందు ముందు ఏం చెయ్యాలో తోచక గుండె బరువెక్కిపోతోంది. ఎవరితోనూ చెప్పుకోబుద్ధి కావట్లేదు."

"నీకా?"

"నాకే. డాక్టరమ్మ దగ్గరికి తోడు రా."

నిన్న రాత్రి ఆయన గురక మొదట్నుంచి చివరిదాకా విన్నవాణ్ణి నేనే. చెప్పులేసుకున్నాను.