లైన్ క్లియర్ చీటీ

బడిలో ఉండగా నాకు లైనంటే కాపీ పుస్తకంలో గీత. అక్షరం దాని మీద కూర్చోకపోతే బెత్తం. పదహారో ఏట స్టేషన్ మాస్టరుకు భార్యనై, గురజాల దగ్గర ఒక చిన్న స్టేషనుకు కాపురానికి వచ్చాక ఆ ఒక్క మాట నా చుట్టూ ఎన్ని రకాలుగా అల్లుకుందో చెప్పలేను. మేమున్న నాలుగిళ్ల వరసా లైనే. గుమ్మం ముందరి పట్టాలూ లైనే. మా ఆయన బల్ల దగ్గర టకటకలాడే తంతి తీగా లైనే. అత్తగారికి ఇంగ్లీషు ముక్క రాదు గానీ, "కోడల్ని లైన్లో పెట్టాల" అనడం మాత్రం ఎవరు నేర్పారో బాగా వచ్చు. పెట్టింది కూడా. నీళ్ల పంపు దాటి నేను ఒక్కదాన్నే అడుగేసింది లేదు.

మిగిలిన సరదా ఒక్కటే. అత్తగారు పిడకల కోసం అటు పోగానే పక్కింటి, పట్టాల పని చూసే గ్యాంగ్ మేస్త్రీ భార్య గోడ అవతలి నుంచి "లైన్ క్లియరా అక్కా?" అనేది. "క్లియరే, రా" అనేదాన్ని. అసలు లైన్ క్లియరంటే, అవతలి స్టేషను తంతి మీద సరేనన్నాక డ్రైవరు చేతికిచ్చే చీటీ. అది లేనిదే బండి అంగుళం కదలకూడదు. మేం దాన్ని కబుర్లకు వాడుకున్నాం.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు, మండు వేసవి. నరసరావుపేటలో మా అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని పొద్దుటి బండిలో కబురొచ్చింది. అత్తగారు మధ్యాహ్నం దాకా నాన్చి చివరికి పొమ్మంది. ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్నానో లేదో గాలిదుమారం లేచింది. అది సద్దుమణిగేసరికి తంతి మూగబోయింది. అరగంటైనా బండి కదలకపోతే దిగి ఆయన గదిలోకి వెళ్లాను. నలుగురి ముందు మొగుడితో మాట్లాడడం అదే మొదటిసారి.

"చీటీ రాసియ్యండి. మా అమ్మ పోతది."

"మాట మధ్యలో తీగ తెగిందే. అవతలి స్టేషనువాళ్లు నేను దారి అడిగాననుకున్నారో, ఇచ్చాననుకున్నారో. అటునించి గూడ్సు వదిలేసుంటే?"

"వదలరు."

"నువ్వు చూశావా? మనిషిని నడిపించి పంపా. వాడు కబురు తెచ్చిందాకా కదిలేది లేదు. పోయి కూర్చో."

పోయి కూర్చున్నాను. కిటికీ ఊచల్లోంచి ఆయన కనిపిస్తూనే ఉన్నారు. చేతిలో కలం, ముందు చీటీల పుస్తకం. ఒక్క గీత గీస్తే చాలు. నా జన్మలో ఏ మనిషినీ అంతగా అసహ్యించుకోలేదు.

కాసేపటికి కూత వినిపించింది. తూర్పు నుంచి గూడ్సు, మేం వెళ్లాల్సిన పట్టాల మీదే వస్తోంది. సిగ్నలు దగ్గర ఆగింది. పెట్టెలో ఆడవాళ్లంతా దిగి ఆయనకు దండాలు పెట్టారు. "చానా మందిని బతికించాడమ్మా నీ మొగుడు" అని ఒకావిడ నా గడ్డం పట్టుకుంది. నేను కూడా బతికినదాన్నే. ఆ సంగతి నాకు తెలుసు.

గూడ్సు వచ్చినా, దాని వెనక ఇంకో బండి వదిలారో లేదో తెలియదని ఆయన అప్పుడూ చీటీ రాయలేదు. నడిచి వెళ్లిన మనిషి అవతలి స్టేషను నుంచి కబురు తెచ్చేసరికి పొద్దుగూకింది. నేను పుట్టింటికి చేరేసరికి అమ్మను తీసుకుపోయారు. మంచం నిలబెట్టి ఉంది. పొద్దు వాలేదాకా గుమ్మం వైపే చూసిందట.

కర్మలన్నీ అయ్యాక తిరిగొచ్చాను. ఆయన్ని మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లకు వారం పాటు మజ్జిగ పోశాను. మేస్త్రీ భార్య ఆ పాత మాట అనడం మానేసి, ఊరికే వచ్చి పక్కన కూర్చునేది. అత్తగారు చూసి తన పనికి తాను పోయేది.

ఆయన తప్పు చేసి ఉంటే తిట్టుకునైనా ఏడ్చేదాన్ని. తర్వాత నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేశాను. ఆయన తప్పేమీ లేదు. అందుకే క్షమించడం కూడా కుదరలేదు.