బీరువాలో పాస్‌పోర్ట్

సాయంత్రం టీవీ పెడితే చాలు, నలుగురు కూర్చుని చట్టం గురించి అరుచుకుంటూ ఉంటారు. చట్టం పేదవాడి శత్రువని ఒకాయన, అసలు ఈ దేశానికి చట్టమే అక్కర్లేదని ఇంకొకాయన. నేను రిమోట్ విసిరికొడతాను. మా ఆవిడ వంటింట్లోంచి "మీకు బీపీ ఉందండీ" అని కేకేస్తుంది. ఉంటే ఉంది. ఈ నలుగురిలో ఒక్కడైనా చట్టం లేని ఊళ్ళో బతికాడా? నేను బతికాను. కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఆ ఎండాకాలం.

నన్ను పాతకాలం మనిషంటారు. అననివ్వండి. మాట ఇస్తే నిలబడాలి, సంతకం పెడితే కట్టుబడాలి, ఎవడి సొత్తు వాడి దగ్గరుండాలి, సర్కారు కోర్టూ ఠాణా చూసుకుంటూ మన వంటింట్లోకి తొంగిచూడకుండా ఉండాలి. ఇంతే నా రాజకీయం. మిర్కాబ్‌లో ఒక వకీలుగారి ఆఫీసులో టైపిస్టుగా చేరిన రోజుల్లోనూ నాది ఇదే పాట. వినేవాడు మాత్రం ఒక్కడే, నా రూములో ఉండే మెకానిక్. మా కోనసీమ కుర్రాడే, అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో పని. వాడికి శుక్రవారం వస్తే వీడియో క్యాసెట్టు పడాల్సిందే. అందులో హీరో నిండు కోర్టులో జడ్జీ మీదకు ఉరికేవాడు, పోలీసును జీపుకు కట్టి కొట్టేవాడు, మావాడు మంచం మీద లేచి నిలబడి ఈల వేసేవాడు.

"ఒరేయ్, ఆ జడ్జీ లేకపోతే రేపు నీ జీతం ఎగ్గొట్టినవాణ్ణి ఎవడడుగుతాడ్రా?" అనేవాణ్ణి.

"ఆయ్, హీరో అడుగుతాడండీ మాస్టారూ!" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆనవాయితీ అంటే నాకు గౌరవం. పెద్దవాళ్ళు ఏదైనా ఊరికే పెట్టరని నా నమ్మకం. కానీ కువైట్‌లో ఒక ఆనవాయితీ మాత్రం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. పనిలో చేరిన రోజే మన పాస్‌పోర్ట్ కఫీల్ తీసుకుని తన దగ్గర పెట్టుకుంటాడు. కఫీల్ అంటే మన వీసాకు పూచీపడ్డ యజమాని. మనకు మిగిలేది ఇఖామా, ఆ ఊళ్ళో ఉండటానికిచ్చిన కార్డు. అది చూపిస్తే పోలీసు వదిలేస్తాడు. ఊరికి పోవాలంటే మాత్రం ఆయన బీరువా తెరవాలి. అందరూ ఇచ్చేవాళ్ళు, అందరూ తీసుకునేవాళ్ళు, దొంగతనమని ఎవరూ అనుకునేవారు కాదు. మా వకీలుగారు మహా మర్యాదస్తుడు, నాదీ ఆయన సొరుగులోనే ఉండేది. నా పేరు, నా ఫొటో, నా దేశం ముద్ర ఉన్న పుస్తకం ఇంకొకరి సొరుగులో ఎందుకుండాలి? మెకానిక్‌ను అడిగితే "పోనీలెండి, పారేసుకోకుండా ఉంటది" అనేవాడు. జడ్జీని కొట్టే హీరోకు ఈలలేసేవాడు తన పాస్‌పోర్ట్ గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. సినిమాలు మనవాళ్ళకు నేర్పిన ధైర్యం అంతే.

రుమైథియాలో మా వకీలుగారికి పాత క్లయింట్ల ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటి ముసలావిడ మంచం దిగలేని మనిషి. ఆస్తి కాగితాల మీద వేలిముద్ర కావాలంటే నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి ఆ ఎండలో గేటు ఎంతకీ తియ్యకపోతే తెలుగులో గొణుక్కున్నాను. లోపలినుంచి "వస్తాండాలేన్నా, అంత కోపమెందుకు?" అని వినబడింది. ఉలిక్కిపడ్డాను. కడప జిల్లా మనిషి. నలభై లోపే ఉంటుంది. ముసలావిడను లేపడం, కడగడం, తినిపించడం అన్నీ ఆమే. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని 'మామా' అంటారు, మనం అమ్మగారన్నట్టు; ముసలావిడను పెద్ద మామా అనేది, ఆవిడ కూతురిని, ఆ ఇంటి యజమానురాలిని, మామా అనేది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా నాకు టీ పెట్టి ఇచ్చేది, నా ఉపన్యాసం వినేది. పాస్‌పోర్ట్ సంగతి ఆమెకూ చెప్పాను. "నీ కాగితం నీ చేతిలో ఉంటే నువ్వు ఇక్కడ ఉండటం నీ ఇష్టం. వాళ్ళ బీరువాలో ఉంటే నువ్వెంత బాగా చేసినా నిన్ను ఉంచుకున్నట్టే లెక్క."

"నాకు అక్షరం ముక్క రాదు, నా చేతిలో ఉంటే ఏం చేసుకుంటానన్నా?" అని నవ్వేది.

జూలైలో మామా కుటుంబమంతా చల్లటి దేశానికి పోయింది. పెద్ద మామాను విమానం ఎక్కించలేరు కాబట్టి ఆమెకు అప్పజెప్పి పోయారు. ఆగస్టులో ఒక గురువారం పొద్దున కిటికీ తీసేసరికి మా వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది.

ఆ తర్వాతి రోజులు చూసిన మనిషికి టీవీలో చర్చలు ఎందుకు సహిస్తాయి? సర్కారు ఎంత చిన్నదైతే అంత మంచిదని ఇప్పటికీ అంటాను. కానీ చిన్నది వేరు, అసలు లేకపోవడం వేరు. ఠాణా ఖాళీ, కోర్టు ఖాళీ. నిన్నటిదాకా క్యూలో నిలబడి రొట్టె కొన్నవాళ్ళే కొట్టు తలుపులు పీకేశారు. సైనికులు ఒకవైపు దోచుకుంటుంటే మామూలు మనుషులు ఇంకోవైపు దోచుకున్నారు. మా వీధిలో వీడియో షాపు కూడా పోయింది. క్యాసెట్ల రీళ్ళు రోడ్డు మీద తీగల్లా పడి ఉంటే మెకానిక్ కాసేపు వాటిని చూస్తూ నిలబడ్డాడు. "చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడమంటే ఇదేరా" అన్నాను. ఈసారి వాడు ఆయ్ అనలేదు.

నా చట్టం పిచ్చీ తక్కువేం కాదు. వాడి షెడ్డు పికప్‌లో పోతుంటే ఎర్రలైటు పడింది. ఆపమన్నాను. రోడ్డు మీద పిట్ట లేదు.

"ఎవడొచ్చి ఫైనేస్తాడండీ మాస్టారూ? చుట్టూ తుపాకులుంటే లైటుకు ఆగమంటారేంటండీ!"

"ఆపరా అంటే ఆపు!"

ఆపాడు. పచ్చలైటు పడేదాకా ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఆ లైటు ఒక్కటే నాకు మిగిలిన కువైట్‌లా అనిపించింది.

మనవాళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తున్నారని, అక్కణ్ణుంచి విమానాలున్నాయని కబురొచ్చింది. వకీలుగారు వెళ్ళిపోతూ నా పాస్‌పోర్ట్ నా చేతిలో పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మెకానిక్ ఒక బస్సు డ్రైవరును పట్టుకుని మూడు సీట్లు మాట్లాడాడు. మూడోది ఆ కడప మనిషికి. ఆమెను తీసుకురావడానికి పొద్దున్నే రుమైథియా పోయాం.

గేటు తీసింది. విషయం చెప్పాను. బస్సు మధ్యాహ్నానికి కదులుతుందని, మళ్ళీ దొరుకుతుందో లేదో తెలియదని గబగబా చెప్పాను. ఆమె లోపలికి పోయి ముసలావిడకు అరబ్బీలో చెప్పింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ముసలావిడ చాలాసేపు కప్పుకేసి చూసింది. తర్వాత మెళ్ళో నల్లతాడు పట్టుకుని లాగింది. తాడుకు బీరువా తాళంచెవి ఉంది.

"ఖలాస్. తీసుకో. వెళ్ళు బిడ్డా" అంది.

ఆ ముసలావిడకు నేను ఇప్పటికీ మనసులో దండం పెడతాను. చట్టం చదివిన మా వకీలుగారు కూడా తను వెళ్ళిపోయేటప్పుడే ఇచ్చారు, ఈవిడ తనకు ఇంకెవరూ దిక్కులేరని తెలిసీ ఇచ్చింది. కడప మనిషి బీరువా తెరిచి, నగల పెట్టెల వెనకనుంచి తన పాస్‌పోర్ట్ తీసింది. ఫొటో చూసుకుని "ఎంత నల్లగుండానో చూడు" అంది. నేను "నడు, నడు, యల్లా" అంటున్నాను. మెకానిక్ హారన్ కొడుతున్నాడు.

ఆమె పాస్‌పోర్ట్ రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"నేను రాలేనన్నా. మీరు పొండి."

నాకు పిచ్చెక్కినంత పనైంది. "నీకేమన్నా మతిపోయిందా? యజమాని లేదు, ఒప్పందం లేదు, ఇక్కడ చట్టమే లేదు. నిన్ను ఆపే హక్కు ఎవరికీ లేదమ్మా!"

"చట్టం పోయినాదిలే గానీ ముసిలామె ఉండాది గదా. నేను పోతే మంచినీళ్ళు ఎవురు తాపిస్తారు?"

"వాళ్ళ మనుషులెవరైనా వస్తారు."

"ఎవురొస్తారన్నా? పక్కింటోల్లు గూడా పోయినారు." ఆ పుస్తకం నా కళ్ళముందు పెట్టింది. "నువ్వే గదా చెప్తివి, నా కాయితం నా చేతిలో ఉంటే నా ఇష్టమని. ఇదో, ఉండాది. ఇది నా ఇష్టం."

ఎన్నేళ్ళుగానో వాదిస్తున్న మాట, నా ఎదురుగా నిలబడి నన్నే ఓడించింది. బస్సులో మూడో సీట్లో ఎవరో ఎక్కి కూర్చున్నారు. నేనూ మెకానిక్కూ బస్రా, బాగ్దాద్ మీదుగా ఎలాగో ఇల్లు చేరాం. ఆ నెలలన్నీ మా ఊళ్ళో రేడియో పెట్టుకుని కువైట్ వార్తలు వింటూ ఆమె బతికుండాలని మొక్కాను. బలవంతంగా బస్సెక్కించి ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ బలవంతంగా ఎక్కిస్తే ఇన్నాళ్ళు నేను మాట్లాడిందంతా ఏమైనట్టు?

యుద్ధం అయిపోయాక వకీలుగారు నన్ను మళ్ళీ పిలిపించారు. చమురు బావులు ఇంకా మండుతున్నాయి, పట్టపగలే దీపాలు వేసుకుంటున్నారు. వెళ్ళిన వారంలోనే రుమైథియా పోయాను. ఆమె గోడకు పట్టిన మసి కడుగుతోంది. నన్ను చూసి బ్రష్ అక్కడే పడేసింది. బతికుంది! ఆ నిమిషం నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేముంది.

చలికాలంలో పెద్ద మామా పోయిందట. ఆఖరి రోజు వరకూ మంచినీళ్ళు తాగించింది, తల దువ్వింది, దూరపు వీధిలో ఉన్న ఒక కువైటీ కుటుంబాన్ని వెతికి పట్టుకుని వాళ్ళ పద్ధతిలో పూడ్పించింది. ఇదంతా నాకు మామా చెప్పింది. నన్ను హాల్లో కూర్చోబెట్టి ఏడుస్తూ చెప్పింది. "మా అమ్మకు నేను లేను, ఈమె ఉంది. మాకు కూతురితో సమానం" అంది. మంచి మనిషి, అందులో నాకు సందేహం లేదు.

"ఊరికి పంపిస్తున్నారా మేడమ్?" అని అడిగాను.

"ఇల్లంతా పాడైపోయింది, చూస్తున్నావు కదా. సర్దుకున్నాక పంపిస్తాం."

"ఆమె పాస్‌పోర్ట్?"

మామాకు కోపం రాలేదు. నేనేదో వింత అడిగినట్టు చూసింది. "బీరువాలో జాగ్రత్తగా ఉంది. రాగానే అడిగి తీసుకుని పెట్టాను. మన పిల్ల, ఎక్కడికి పోతుంది?"

వకీలుగారి ఆఫీసులో ఎన్నో నోటీసులు టైప్ చేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ట్యాంకులు పోయాయి, ఠాణా తెరిచారు, కోర్టు తెరిచారు, చట్టం తిరిగొచ్చిందని నేనే అందరికంటే ఎక్కువ సంతోషించాను. దాంతోపాటు ఆ బీరువా తాళం కూడా తిరిగొచ్చింది.

గేటుదాకా సాగనంపడానికి ఆమె వచ్చింది. "ఎందుకిచ్చావు?" అని కసిరాను.

"అడిగింది, ఇచ్చినా. అందరూ ఇచ్చేదే గదా."

"ఊరికి పోతానని గట్టిగా చెప్పు. నేను వకీలుగారితో మాట్లాడతాను."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మాట్లాడు. కానీ ఒకటి చెప్తా వినన్నా. ముసిలామె కాడ ఉండింది నా ఇష్టంతోనే. నువ్వు చూస్తివి, దేవుడు చూసె. ఇప్పుడు నా కాయితం బీరువాలో ఏసినాంక, అప్పుడు గూడా వాల్లే ఉంచుకున్నట్టు అయిపాయె. మామా అందరికీ అట్లనే చెప్తాండాది, మేం పెట్టిపోయినాం, అది చూసుకునె అని."