అక్కా, చిన్న డౌట్

మా పిన్ని కొడుకు శ్యామ్‌కి పని గురించి, డబ్బు గురించి, పరాయి దేశాల గురించి గట్టి అభిప్రాయాలున్నాయి. డబ్లిన్‌లో ఉన్న ఆరేళ్ళూ ప్రతి ఆదివారం వాటిని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఇండియాలో ఎవరికీ పని చేయడం రాదట, చేస్తున్నట్టు కనిపించడమే వచ్చట. అక్కడైతే మనిషిని కాదు, పనిని చూస్తారట. తను డబ్బు కోసం వెళ్ళలేదట, గౌరవం కోసం వెళ్ళాడట. పిన్ని ఆ రాతల కింద చప్పట్ల బొమ్మలు పెట్టేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. వాడు అంత గొప్పగా చెప్పుకునే ఆ పని చేస్తున్నది మా చెల్లెలు ప్రవీణ.

ఇదేమీ వింత కాదు. కొండాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. దీన్ని జాబ్ సపోర్ట్ అంటారు. విదేశంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికినవాడికి పని రాకపోతే, ఇక్కడ కూర్చున్నవాళ్ళు వాడి స్క్రీన్ చూస్తూ ఆ పని చేసిపెడతారు. బయటివాళ్ళయితే నెలకింత అని తీసుకుంటారు. ప్రవీణ అక్క వరసైంది కాబట్టి శ్యామ్‌కి ఆ ఖర్చు కూడా తప్పింది. ఎప్పుడైనా ఎవరి చేతనైనా చాక్లెట్లు పంపేవాడు.

ప్రవీణ పెళ్ళికి ముందు నుంచీ మాదాపూర్‌లో అలాంటి ఉద్యోగమే చేసింది. పాప పుట్టాక మానేసింది. మళ్ళీ చేరదామని అనుకుంటున్నప్పుడే శ్యామ్ ఫోన్ వచ్చింది. ‘అక్కా, చిన్న డౌట్’ అన్నాడు. ఆ డౌట్ ఆరేళ్ళు సాగింది. అక్కడ ఆఫీసు మొదలయ్యే వేళకి ఇక్కడ భోజనాల వేళ. ప్రగతి నగర్‌లో వాళ్ళింటికి నేను ఎప్పుడు వెళ్ళినా కంచంలో అన్నం చల్లారిపోతూ ఉండేది, ఇది ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండేది.

దుకాణంలో కార్డు గీకితే ఆ డబ్బు సరైన ఖాతాకి చేరేలా చూసే ప్రోగ్రామ్ వాళ్ళ కంపెనీది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ప్రవీణే రాసింది. ప్రతి ఫైలు పైన రాసినవాళ్ళ పేరు ఉండాలట. అక్కడ శ్యామ్ పేరు తన చేత్తోనే టైపు చేసేది. నీకేం మిగులుతుందే అని నేను గొడవ పడితే నవ్వేసేది.

“చేతిలో పని పోకుండా ఉంటుందక్కా. రేపు నా ఉద్యోగం నేను తెచ్చుకోవాలి కదా” అనేది.

దాని ఆశంతా అదొక్కటే. తన పేరు మీద ఒక ఉద్యోగం.

కొన్ని నెలల కిందట శ్యామ్ కంపెనీ రాయదుర్గంలో ఆఫీసు తెరిచి, వీణ్ణి మేనేజర్‌గా పంపింది. దిగిన వారానికే అయ్యగారి అభిప్రాయాలన్నీ తిరగబడ్డాయి. డబ్లిన్‌లో వానా, ఇంటద్దే తప్ప ఏమీ లేదట, భవిష్యత్తంతా హైదరాబాదేనట. అదే ఊపులో ప్రవీణని కూడా అప్లై చేయమన్నాడు, మిగతాది తను చూసుకుంటానన్నాడు. పిచ్చిది నమ్మింది. ఇంటర్వ్యూ రోజు నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి మరీ తోడు వెళ్ళాను.

లోపల జరిగింది తిరుగు ప్రయాణంలో మెట్రోలో చెప్పింది. బల్లకి అవతల శ్యామ్, పక్కన హర్షిణి అని అక్కడ పనిచేసే శంకర్‌పల్లి అమ్మాయి ఉన్నారు. జనం వెనక్కిచ్చిన వస్తువుల డబ్బు ఇలాంటి ప్రోగ్రామ్‌లో వేరే దారిలో ఎందుకు వెళ్ళాలని హర్షిణి అడిగింది. అది ప్రవీణ కట్టిన దారే. ఒళ్ళు మరిచిపోయి చెప్పుకుపోయింది. మొదట్లో ఒకసారి అందరికీ ఆ డబ్బు రెండేసి సార్లు వెళ్ళిపోయిందనీ, అందుకే దారి మార్చాల్సి వచ్చిందనీ కూడా చెప్పేసింది. ఆ సంగతి కంపెనీ గడప దాటి ఎవరికీ తెలియదు.

హర్షిణి శ్యామ్ వైపు చూసింది.

“సార్, ఈ మేడమ్‌కు మస్తు తెలుసు. కానీ గిది బయటోళ్ళకు ఎట్ల తెలిసింది?”

శ్యామ్ తల ఎత్తలేదట. ఎక్కడో చదివి బట్టీ పట్టి ఉంటారన్నాడట. తర్వాత, చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పిన అక్కతో ఇలా అన్నాడట.

“సారీ మేడమ్. మాకు స్వయంగా పని చేసినవాళ్ళు కావాలి. మీకు ఆరేళ్ళ గ్యాప్ ఉంది.”

నిజం అక్కడే ఎందుకు చెప్పలేదే అని నేను మెట్రోలోనే కేకలేశాను. చెబితే వాడి ఉద్యోగం పోతుంది, దొంగచాటుగా పని చేసినందుకు నన్ను కూడా ఎవరూ తీసుకోరు అంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు భోజనాల వేళకి వాడి ఫోన్ వచ్చింది. నేనక్కడే ఉన్నాను, స్పీకర్‌లో పెట్టింది. ఉద్యోగంలోకి తీసుకుంటే ఇద్దరం దొరికిపోయేవాళ్ళమని, ఆ అమ్మాయికి అనుమానం వచ్చిందని, అర్థం చేసుకోమని గడగడా చెప్పాడు.

“ఉద్యోగం లేకపోతే ఏమైందక్కా, మన పని మనం చేసుకుంటూనే ఉన్నాం కదా. అది సరే గానీ, చిన్న డౌట్.”

“పని చేసినవాళ్ళనెవరినైనా అడుగు శ్యామ్” అని ప్రవీణ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు అన్నం వేడిగా తింది. ఏడుస్తూనే తింది.

ఇక వాడి పని అయిపోయిందనుకున్నాను. ప్రోగ్రామ్ కూలిపోతుందని, బండారం బయటపడుతుందని రోజూ ఎదురుచూశాను. ఏమీ కాలేదు. డబ్బు తీసుకుని చేసేవాళ్ళు కొండాపూర్‌లో వాడికి దొరికారు. పైగా ప్రవీణ రాసింది గట్టిగా రాసిందేమో, ఇప్పటికీ చక్కగా నడుస్తోందట.

ఆదివారం గ్రూపులో కొత్త అభిప్రాయం వచ్చింది. హైదరాబాద్‌లో మనుషులకి కొదవ లేదు, పని వచ్చినవాళ్ళకే కొదవ అని రాశాడు. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఉద్యోగాలకి వచ్చేస్తున్నారని, సొంత అక్క వచ్చినా తను మొహమాటపడలేదని, విదేశం తనకి నేర్పిన నిజాయితీ అదేనని రాశాడు. పిన్ని వరసగా చప్పట్లు పెట్టింది. నేను వాడి చిట్టా అంతా విప్పుతూ పెద్ద జవాబు రాశాను. పంపేలోపు ప్రవీణ నా చేతిలో ఫోన్ లాక్కుని చెరిపేసింది. చందానగర్ నుంచి గచ్చిబౌలి దాకా ప్రతి ఆఫీసులోనూ మన చుట్టమో చుట్టానికి చుట్టమో ఉన్నారక్కా, అది బయటికొస్తే నాకిక ఎక్కడా ఉద్యోగం పుట్టదు అంది.

నిన్న గచ్చిబౌలిలో మరో ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఈ ఆరేళ్ళూ ఏం చేశారని వాళ్ళు మర్యాదగానే అడిగారట.

“ఏమీ చేయలేదండీ” అని చెప్పి వచ్చింది.