బండల రేవు బాగుచేసిన ఏడాది

మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది. అందరికంటే గట్టిగా పాడేది. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా నాన్న తీసుకున్నాడు, నేను తీసుకున్నాను. ఆమెను ఎవరడిగినా ఒకటే మాట. "మా చెర్వుల, బండల రేవు కాడ ఇస్తే తీస్కుంట. లేకుంటే నాకొద్దు."

పటాన్‌చెరు దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. ఊరి చెరువు కట్ట నుంచి నీళ్ళలోకి ఒకచోట పెద్ద పెద్ద బండలు మెట్లలా పరిచి ఉండేవి. అదే బండల రేవు. అమ్మ చిన్నప్పుడు మా వాడవాళ్ళు ఆ బండల మీద కాలు పెట్టడానికి వీల్లేదు. మాకు కేటాయించింది బర్రెలు దిగే వైపు, మోకాలి లోతు బురద. పిల్లచేష్టగా ఆ బండలెక్కినందుకు అమ్మ చాలాసార్లు మట్టిపెళ్ళల దెబ్బలు తిన్నది. అందుకే ఆమెకు ఆ రేవే కావాలి. వచ్చిన ప్రతి పాస్టరూ "గొడవలెందుకమ్మా, సంగారెడ్డిలో సిమెంటు తొట్టి ఉంది, అక్కడ ఇస్తాం" అనేవాడు. "తొట్లె ముంచనీకి నేనేమన్న మాసిన బట్టనా?" అని ఆమె లేచి పోయేది.

డెబ్బైల మొదట్లో రోజులు మారాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేచాయి. రేవు మాదే అన్న పెద్దిళ్ళవాళ్ళు పొలాలమ్ముకుని హైదరాబాదు వెళ్ళిపోయారు. ఊళ్ళో బోరింగులు పడి, రేవు వైపు పోయేవాళ్ళే లేకుండా పోయారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు "బండల రేవులోనే ఇద్దాం, ఎవరొద్దంటారో చూద్దాం" అన్నాడు. ఎవరూ వద్దనలేదు. తీరా వెళ్ళి చూస్తే రేవే లేదు. గుర్రపుడెక్క చెరువునంతా కప్పేసింది. బండలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు.

అమ్మ కట్ట మీద చాలాసేపు నిలబడి చూసింది. అప్పటికే ఆమెకు దమ్ము. నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంటికొచ్చి మంచంలో కూర్చుని, "నేను బతికుండంగ అయితదా బిడ్డా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. నాకు ఏడుపొచ్చినా కోపంగానే వస్తుంది. నేను పాఠాలు చెప్పే మిషన్ బడిలో పిల్లలు నాకు మిరపకాయ టీచరని ఊరికే పేరు పెట్టలేదు.

దసరా దాటిన ఆదివారం, ఆరాధన అవ్వగానే లేచి నిలబడ్డాను. "వచ్చేవాళ్ళు కొడవలి తీస్కొని చెరువు కాడికి రండ్రి. రానోళ్ళు ఇంట్ల కూసోని నిద్రపోండ్రి" అన్నాను. చర్చి ఆడవాళ్ళు వచ్చారు, కొందరు మగవాళ్ళూ వచ్చారు. పిలవకుండా వచ్చింది మా పక్కింట్లో కిరాయికుండే ఫిట్టరు. ఆయనది గోదావరి వైపు, పెద్ద ప్లాంటులో ఉద్యోగం, ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం. "నీళ్ళలో దిగి ఎన్నేళ్ళయిందో టీచరు గారూ! ఈ ఊళ్ళో స్నానమంటే బకెట్టే కదండీ. నేనూ వస్తాను" అని, షిఫ్టులో తన తోటివాళ్ళను ఇద్దరిని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్ళు ముగ్గురూ కాలవల దగ్గర పెరిగిన మనుషులు. మేం కొడవళ్ళతో కోస్తుంటే చూసి నవ్వారు. "కొయ్యడం ఎందుకండీ? మా వైపు గెడకర్రతో మధ్యలోకి నెట్టేస్తాం. నీళ్ళే పట్టుకుపోతాయి" అన్నాడు ఫిట్టరు. మాకూ అది సులువుగా తోచింది. రోజంతా నెట్టాం. సాయంత్రానికి రేవు ముందు నీళ్ళు కనిపించాయి. అందరం పాట పాడుకుంటూ ఇళ్ళకొచ్చాం.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి డెక్క మొత్తం తిరిగొచ్చి, మునుపటికంటే దట్టంగా బండల మీదే కూర్చుంది. గాలి ఇటు కొట్టింది మరి. వల ఆరేసుకుంటున్న జాలరాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "సారూ, గిది కాల్వ గాదు, చెర్వు. ఏడికి వోతది పాపం?" అన్నాడు. ఫిట్టరు ముఖం చూస్తే నాకు తిట్టాలనే అనిపించింది గానీ, ఆయన తలగోక్కుని "అవునండోయ్" అనేసరికి నవ్వొచ్చేసింది.

అప్పటినుంచి కోసి, లాగి, ఒడ్డుకేసి, కట్ట మీద ఎండబెట్టడమే. ఫిట్టరు తుక్కు దుకాణంలో ఇనుప చువ్వలు కొని, వంచి, పొడుగు కర్రలకు కొక్కేలు బిగించి తెచ్చాడు. జలగలు పట్టేవి. ఆ కుళ్ళు వాసన రెండుసార్లు తలంటుకున్నా పోయేది కాదు. ఊరివాళ్ళు మాకు డెక్క పార్టీ అని పేరు పెట్టారు. పెడితే పెట్టనీ అనుకున్నాం. ఎండిన డెక్కను ఎరువు గుంతలకని రైతులు బండ్లు కట్టుకొచ్చి తీసుకుపోతుంటే, ఆ పార్టీలోకి వాళ్ళూ ఒకరొకరుగా చేరారు.

చలికాలం వచ్చేసరికి చెరువు మధ్య నీళ్ళు తేటగా బయటపడ్డాయి. ఎక్కడి నుంచి వచ్చాయో, నల్లటి ఒళ్ళూ తెల్లటి నామమూ ఉన్న నామాలకోళ్ళనే నీటిపిట్టలు గుంపులుగా దిగాయి. వాటి వెనకే తుపాకీ పట్టుకుని పట్నం నుంచి జీపులో ఒక పెద్దమనిషి కూడా దిగాడు. నేను గొడుగెత్తుకుని కట్టంతా ఉరికాను. "గీడ పేల్చినవంటే చూడు, నీ జీపు గీ చెరువులనే ఉంటది!" అని అరిచాను. ఆయన ఏమనుకున్నాడో గానీ జల్దీగా బండెక్కాడు. ఆ రోజు నుంచి వంతులేసుకుని కాపలా కాశాం. అమ్మ బాప్తిస్మం కోసం మొదలుపెట్టిన పని, మాకు తెలియకుండానే చెరువు పనయింది.

చలిలో అమ్మను నీళ్ళలో దించలేం. ఎండాకాలంలో నీళ్ళు రేవు వదిలి దూరం జరిగాయి. అదే మంచిదని బండల మీది పూడికంతా తవ్విపోశాం. రేవు పక్కన తుంగ మాత్రం పీకలేదు. అది పీకితే మట్టి జారి మళ్ళీ బండలను కప్పేస్తుంది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. బండల రేవులో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. పాస్టరు గారు తేదీ చెప్పాడు. జిన్నారం నుంచి మేనమామలకు కబురు పంపాం. అమ్మకు తెల్లచీర కొన్నాను.

రెండు రోజుల ముందు ఫిట్టరు పరుగున వచ్చాడు. "టీచరు గారూ, రేవులో బుడుబుంగ పిట్ట గూడు పెట్టిందండి. గుడ్లున్నాయి."

వెళ్ళి చూశాం. సరిగ్గా అడుగు బండ పక్కన, తుంగకు ఆనించి, నాచుతో కట్టిన తేలే గూడు. మమ్మల్ని చూసి పిట్ట గబగబా గుడ్ల మీద నాచు కప్పి మునిగిపోయింది. పక్కకు జరపమన్నాను. "జరిపితే వదిలేసి పోతుందండి" అన్నాడు. "పోతే పోనీండి! ఒక పిట్ట కోసం మా అమ్మ ఆగాల్నా?" అని కొక్కెం కర్ర నేనే అందుకున్నాను.

అమ్మ ఎప్పుడొచ్చిందో, కట్ట మీద నుంచి కేకేసింది. "కర్ర కింద పెట్టు!"

"అమ్మా, రేవుల ఇదొక్కటే గట్టి జాగ. ఎల్లుండే..."

"ఈ బండల మీదికెళ్ళి నన్ను ఎన్నిసార్లు ఎల్లగొట్టిన్రో నీకెర్కనా? ఇయ్యాల నా చేతికి రేవొచ్చిందని నేను దాన్ని ఎల్లగొట్టాల్నా?"

"నీకు దమ్ము. మళ్ళ చలి పెడితే నువ్వు ఉంటవో, ఉండవో!" నోరు జారి అనేశాను.

"లేకుంటే ఏడువు. దాన్ని మాత్రం ముట్టకు."

అక్కడే కట్ట మీద కూర్చుని, కోపమో ఏడుపో తెలియకుండా ఏడ్చాను. పాస్టరు గారు తేదీ వాయిదా వేశాడు. అమ్మ రోజూ సాయంత్రం కట్ట మీద కూర్చుని, గూటి వైపొచ్చే కుక్కలను అదిలించేది. మధ్యలో ఆమెకు దమ్ము ఎక్కువై ఒక వారం మంచం పట్టింది. సూదిమందు వేయించి తీసుకొస్తూ, దారిపొడవునా ఆ పిట్టను నేను తిట్టని తిట్టు లేదు. పక్క మీద నుంచి అమ్మ ఫిట్టరును అడిగేది, "పిల్లలైనయా సారూ?" అని.

అయ్యాయి. చారల చారల పిల్లలను వీపు మీదెక్కించుకుని తల్లి మధ్య నీళ్ళలోకి వెళ్ళిపోయిందని ఫిట్టరు వచ్చి చెప్పిన ఆదివారమే, ఇక ఎవరికీ కబుర్లు పంపకుండా, అమ్మను రేవుకు తీసుకెళ్ళాం.

ఒక్కో బండా దిగింది అమ్మ. తొందరపడలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నీళ్ళలోకి దిగాక మాత్రం ఒకవైపు పాస్టరు గారు, ఒకవైపు ఫిట్టరు పట్టుకున్నారు. ముంచి లేపగానే ఒడ్డున పాట అందుకున్నారు. ఎప్పుడూ అందరికంటే గట్టిగా పాడే మనిషి నోరు విప్పలేదు. మెట్లెక్కి వస్తుందని నేను దుప్పటి పట్టుకుని నిలబడితే, పై బండ మీదికి రాగానే కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అమ్మా, జెరమొస్తది. లే, చీర మార్చుకుందువు" అన్నాను.

"అందరిని పొమ్మను. చర్చి కాడ వంట చల్లారుతది" అంది. తడి అరచేతితో పక్కన బండను రుద్దింది. "దీని మీద కూసునుడు నాకు ఇదే మొదలు బిడ్డా. జెరసేపు కూసోనియ్యి."

దుప్పటి ఆమె భుజాల మీద కప్పి, నేనూ పక్కన కూర్చున్నాను.