కొర్రీ గారి ఎర్ర పెన్ను

కొర్రీ పెట్టకుండా ఒక్క కాగితం వదిలితే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఖజానా కార్యాలయంలో బిల్లులు పాస్ చేసే అధికారి ఆయన. బిల్లులో తప్పు పట్టుకుని, ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపడాన్నే ఆఫీసులో కొర్రీ అంటారు. ముప్పై ఏళ్లుగా అందరికీ ఆయన కొర్రీ గారే. అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లోనూ అంతే! భార్య సరుకుల చీటీ ఇచ్చినా వెనక్కి వచ్చేది.

"పప్పు రెండు కిలోలని రాశావు. ఏ పప్పు? పైగా తేదీ లేదు."

"పప్పుకి తేదీ ఎందుకండీ?"

"రేపు ఇదే చీటీ చూపించి మళ్లీ తెప్పిస్తే?"

"ఎవరు తెప్పిస్తారు? ఇంట్లో ఉన్నది నేనేగా!"

"నా అనుమానమూ అదే."

ఆఫీసులో పన్నెండేళ్లుగా ఆయన దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్న ఒకామెకు ఈ కొర్రీలన్నీ అలవాటైపోయాయి. కానీ మహమ్మారి వచ్చాక ఆయన మరీ రెచ్చిపోయారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన జ్వరం చూసి "తొంభై ఏడు" అని పుస్తకంలో రాసుకుంటే, అక్కడికక్కడే పట్టుకున్నారు.

"తొంభై ఏడేమిటయ్యా? డిగ్రీలా, కిలోలా? తేదీ ఏదీ?"

ఆయన వెనక వరుస రోడ్డు దాకా పెరిగింది.

దుకాణాలు మూతపడి పన్నులు రావడం ఆగిపోయింది. ఆసుపత్రుల్లో మంచాలకూ మందులకూ ఖర్చు మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. "ప్రభుత్వం అప్పు తెచ్చి నెట్టుకొస్తోంది. ఒక్క రూపాయి దారి తప్పినా ఊరుకోను!" అని ఆయన కొర్రీలు రెట్టింపు చేశారు.

ఒక ఉదయం రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది ఆసుపత్రి తాత్కాలిక నర్సుల మూడు నెలల జీతాల బిల్లు. రెండోది పైనుంచి వచ్చిన ఉత్తర్వు: లోటు హద్దు దాటింది కాబట్టి తాత్కాలిక సిబ్బంది జీతాలు వాయిదా. గుమాస్తా ఆ రెండూ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఆ నర్సుల్లో ఆమె సొంత చెల్లెలు ఉంది. రోజంతా వార్డులో చాకిరీ చేసి వెళ్తే, అద్దె ఇవ్వలేదని ఇంటాయన గుమ్మంలోనే నిలదీస్తున్నాడు.

"సార్, ఈ ఒక్క బిల్లుకి కొర్రీ పెట్టకండి సార్. మా చెల్లి ఉంది అందులో."

"మీ చెల్లి ఉందని తప్పు ఒప్పవుతుందా అమ్మా?" అంటూ రెండు కాగితాలూ ముందుకు లాక్కుని, ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు.

అరగంటకు బిల్లు వెనక్కి వచ్చింది. నిండా ఎర్ర సిరా! ఆమెకు ఒళ్లు మండిపోయింది. కళ్లు తుడుచుకుని చదివింది.

"వార్డు సిబ్బందికి రావలసిన ప్రమాద భత్యం కలపలేదు. కలిపి, గంటలో తిరిగి పంపగలరు."

మళ్లీ చదివింది. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక మొత్తం పెంచమని కొర్రీ పెట్టిన పాపాన పోలేదు! ఆయన గదిలోకి పరుగెత్తింది.

"మరి ఆ వాయిదా ఉత్తర్వు సార్?"

"దానికీ పెట్టాను. ఎప్పటి నుంచి అమలో తేదీ రాయలేదు."

అంతలో ఫోన్ మోగింది. అవతల పెద్దాఫీసరు అరుపు గదంతా వినబడింది.

"ఖజానా ఖాళీ అయిందని ఉత్తర్వు ఇస్తే, దానికే కొర్రీ పెడతావా?"

"ఖాళీ అయినప్పుడే జాగ్రత్తగా ఉండాలి కదండీ. తేదీ వేసి పంపండి. అందాకా పాత పద్ధతే."

ఇక చూడాలి ఆమె హడావుడి! ఆసుపత్రికి ఫోన్లు చేసి, భత్యం కలిపించి, రెండేసి మెట్లు ఎక్కుతూ బిల్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. గంట కాకముందే పాసైపోయింది. తేదీ వేసిన ఉత్తర్వు మూడో రోజున వచ్చింది. అప్పటికే చెల్లెలు ఫోన్లో కేకలు పెట్టింది.

"అక్కా, జీతాలు పడ్డాయే! భత్యం కూడా పడింది!"

ఆమె ఆనందం పట్టలేక ఆయన దగ్గరికి వెళ్లింది.

"సార్, మీ మేలు మర్చిపోలేను."

"నోటిమాట చెల్లదమ్మా. రాసి పెట్టండి."

రాసి పెట్టింది. ఐదు నిమిషాల్లో వెనక్కి వచ్చింది: "ఇక్కడ ఎవరూ ఎవరికీ మేలు చేయలేదు. ఉన్న నిబంధన అమలైంది. ఈ ఫైలు మూసివేయడమైనది."

కింద సంతకం ఉంది. తేదీ లేదు! ముప్పై ఏళ్లలో మొదటిసారి కొర్రీ గారు తేదీ మర్చిపోయారు. ఆమె ఎర్ర పెన్ను వెతికి తీసి, "తేదీ లేదు. వేసి పంపగలరు" అని రాసి ఆయన బల్ల మీద పెట్టింది.

ఆయన చదివారు. మాస్కు ఉంది కాబట్టి నవ్వారో లేదో కనబడలేదు. చెవులు మాత్రం రెండూ పైకి కదిలాయి.