వాసన లేనిది

విమలాదేవి ముక్కు మహా చురుకైనదని హైదరాబాదు గౌలిపురలో ఆమెను ఎరిగిన వాళ్ళందరూ అనేవారు. మెచ్చుకోలుగా మాత్రం కాదు. ఇంటి వెనక కొట్టంలో బర్రెలు, ముందు గదిలో పాల క్యాన్లు, మధ్యలో ఆమె పుస్తకాలు. పేడ వాసన, పులిసిన కుడితి వాసన ఇంట్లో వాళ్ళకు తెలియనే తెలియవు. ఆమెకు ఒక్కరోజూ అలవాటు కాలేదు. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, పోటీ పరీక్ష రాసి, లైట్‌హౌస్‌లో ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు ఆమె ఆశించినదల్లా శుభ్రమైన గాలి.

పన్నెండేళ్ళలో మూడు తీరాలు మారి, చివరకు కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా కొత్తమొగ అనే పల్లె చేరింది. ఊరంతా ఎండు చేపల వాసన. ఆ వాసన ఆమెకు నెలలోనే అలవాటైపోయింది. దాన్ని దాచాలని అక్కడ ఎవరూ అనుకోకపోవడం వల్ల కాబోలు.

ఈ ఆషాఢంలో ఆమెను బోనాలకు తీసుకుపోవడానికి అన్న మైసయ్య అద్దె కారు కట్టుకుని గురువారం దిగాడు. వెంట తల్లి బుచ్చమ్మ.

"నిన్ను తోలుకపోయినట్లయితది, అమ్మకు సముద్రం సూపెట్టినట్లయితది," అన్నాడు నోటినిండా గుట్కాతో.

బుచ్చమ్మ మెట్లెక్కలేక కింద నీడలో కూర్చుంది. మైసయ్యను విమల పైకి తీసుకుపోయింది. దీపం ఉండే గది తలుపు దగ్గర ఆగి, అన్న చేతికేసి చూసింది.

"ఉంగరం తీసి కింద పెట్టి రా అన్నా. లోపల పాదరసం ఉంటది. తగిలితే బంగారం తెల్లగైతది."

"గవర్మెంటోళ్ళ గూట్లె బంగారం పెట్టి పోవాల్నా? జేబుల పెట్టుకుంట తియ్యి."

లోపల మనిషికంటే ఎత్తైన గాజు పట్టకాల గూడు ఉంది. దానిలోంచి ఎండ ఒకచోట కూడి నిప్పు పుట్టించగలదు గనుక పగలంతా చుట్టూ తెరలు దించి ఉంచుతారు. టన్నుకు పైబడిన ఆ గూడు గుండ్రటి ఇనుప తొట్టిలోని పాదరసం మీద తేలుతుంది. విమల ఒక్క వేలితో తోసింది. అది చప్పుడు లేకుండా తిరిగింది. మైసయ్య గాజుకేసి చూడలేదు. తొట్టిలోకి వంగి చూశాడు.

"గింత పాదరసమా?" అన్నాడు.

తర్వాత బయటి వరండాలోకి వెళ్ళి, కమ్మీ మీదుగా కిందికి ఉమ్మాడు. గాలి దాన్ని తిప్పి గోడకు కొట్టింది. తెల్లటి సున్నం మీద ఎర్రటి చార జారింది. ఆ గోడకు కిందటి వారమే సున్నం వేసిన మనిషి పక్కనే ఉన్నాడు. పేరు డానియేలు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్తంభంలో కాంట్రాక్టు పని చేస్తున్నవాడు. అతను తడిగుడ్డ తెచ్చుకున్నాడు. విమలకు అరికాళ్ళ నుంచి సిగ్గు పాకింది.

"ఆన పడితే కడుక్కపోతదిలే," అన్నాడు మైసయ్య.

అంతలో పై అధికారి నుంచి ఫోన్ వచ్చింది. ఇనుప గదిలో మాట సరిగా వినపడక, తలుపు తాళం వేయకుండానే విమల కిందికి దిగింది. కాసేపటికి డానియేలు కూడా దిగి, కొబ్బరి చెట్ల వైపు పోయాడు. "అన్నయ్యగారు బోండాం అడిగారండి," అన్నాడు.

మధ్యాహ్నం డానియేలు ఇంట్లో భోజనం. అతని భార్య చేపల పులుసు, రొయ్యల వేపుడు చేసింది. మైసయ్య గడప దగ్గరే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"పాల యాపారం జేసేటోల్లం తమ్మీ. గీ వాసన పట్టుకపోతే మా పాలు ఇరుగుతయి."

బుచ్చమ్మ కూడా కారులోంచి దిగలేదు. విమల మాత్రం పులుసు రెండుసార్లు వేయించుకుంది. రెండోసారి ఆకలితో కాదు.

మరునాడు తిరుగు ప్రయాణంలో, దారిపక్కన వదిలేసిన పాత లైట్‌హౌస్ కనిపిస్తే బుచ్చమ్మ అదీ చూద్దామంది. దాని అడుగున గబ్బిలాల రెట్ట, పగిలిన బీరు సీసాలు, మనుషులు చేసిన మురికి. విమల గుమ్మంలోనే వెనుదిరిగింది. మైసయ్య లోపలికి వెళ్ళి, పాంటు సర్దుకుంటూ తీరిగ్గా బయటికొచ్చాడు. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన రాతి కట్టడంలో అతనికి కనిపించిన ఉపయోగం అదొక్కటే. అక్కడి నుంచి హైదరాబాదు దాకా విమల కారు అద్దం దించే ఉంచింది.

శనివారం మధ్యాహ్నం డానియేలు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, మన పాదరసం దీపం విప్పి కొత్తది పెట్టడానికి శుక్రవారం మనుషులొచ్చారండి. పాదరసం తోడి తూకం వేస్తే కిలోన్నర తగ్గిందండి. నేనే అమ్ముకున్నానంటున్నారు. రేపు సాయంత్రానికి తెచ్చియ్యకపోతే పోలీసులకి అప్పజెబుతారంట."

"గది తాళం నీ దగ్గరే ఉన్నదా?"

"నా దగ్గరేనండి. గురువారం తాళం వేసేదాకా, బోండాలకి వెళ్ళినప్పుడు తప్ప తలుపు దగ్గర్నించి కదల్లేదండి. అంటే, అన్నయ్యగారిని అంటున్నానని కాదండి."

పాల వ్యాపారికి పాదరసంతో ఏం పనని ఆమె తనకు తానే చెప్పుకుంది. ఆ మాట సాయంత్రం టీ దాకా నిలిచింది. గ్లాసు అందిస్తున్న తల్లి వేలికి తెల్లటి ఉంగరం కనిపించింది.

"వెండిది ఎప్పుడు చేయించినవమ్మా?"

"ఏడి వెండి బిడ్డా, బంగారమే. నిన్నటి సంది తెల్లగైంది. ఆ కంసాలోడు మస్తు మోసం జేసిండు."

విమల గ్లాసు కింద పెట్టింది. చిన్నప్పుడు పురుగు పట్టకుండా ఇంట్లో బియ్యంలో పాదరసం గోలీలు వేసేవారు. "బియ్యంల చెయ్యి పెట్టినవా?"

"నీకెట్ల ఎరుక?" బుచ్చమ్మ ముఖం వికసించింది. "పురుగు పట్టకుంట మీ అన్న పాదరసం తెచ్చిండు. ఎనకట గోలీలు దొరుకుతుండె, ఇప్పుడు అఫ్జల్‌గంజ్ అంత తిరిగినా లేవంటున్నరు. గందుకే తెచ్చిండు. ఉత్త పాదరసమే బియ్యంల పోసిన. మీ అన్నకు నా మీద ఎంత పానమో సూడు."

వంటింటి మూల నిలువెత్తు రేకు డబ్బా. విమల మూత తీసి టార్చి వేసింది. చేత్తో కాకుండా గరిటెతో బియ్యం పక్కకు నెట్టుతూ పోతే, అడుగున వెండి పూసలు ఒకదాన్నొకటి తాకి ఒకటవుతూ, మళ్ళీ విడిపోతూ దొర్లాయి. బియ్యం మంచి బియ్యంలాగే వాసన వేస్తున్నాయి. గది కూడా వంటగదిలాగే ఉంది. చేపల పులుసుకు రుమాలు అడ్డం పెట్టుకున్న ఇంట్లో, అసలు ప్రమాదానికి ఏ వాసనా లేదు. నిన్న రాత్రీ ఇవాళ పొద్దునా తాను తిన్నది ఆ అన్నమే. మింగిన పాదరసం చాలావరకు ఒంటికి పట్టకుండా బయటికి పోతుందని, ఊపిరిలోకి పోయే ఆవిరే చెడ్డదని ఆమె చదివింది. చదివినది ఆమె కడుపుకు వినపడలేదు. పెరటి మూలకు పోయి వాంతి చేసుకుంది.

కొట్టంలో మైసయ్య బర్రెకు సూది వేస్తున్నాడు. పాలు త్వరగా దిగడానికి వేసే సూది అది. బర్రె చర్మం వణికింది.

"తొట్టి నిండ ఉన్నది. టానిక్ సీసెడు తీసిన. దానికే ఓడలు మునుగుతయా?" అన్నాడు, సిరంజి కిటికీలో పెడుతూ.

"డానియేలు దొంగ అంటున్నరు. రేపు పోలీసులకు ఇస్తరట."

"ఆడు మనోడా ఏంది? చేపలోడు. ఇంకో పని దొరుకుతది."

"తీసింది నువ్వు."

"తలుపు తెరిచిపెట్టి పోయింది నువ్వు. అది సుత చెప్తవా? ముందుగాల నీ నౌకరి పోతది. లొల్లి చెయ్యకు చెల్లె. బోనాలైనంక అన్నీ మూట గట్టి మూసీల పారేస్త. ఫికర్ వద్దు."

ఆ మాటల్లో ఒకటి నిజం. తలుపు తెరిచిపెట్టింది ఆమే. విమల వంటింట్లోకి పోయింది. డబ్బాకు మూత పెట్టి, వంటింటి కిటికీలన్నీ తెరిచి, ఎవరూ ముట్టవద్దని తల్లికి గట్టిగా చెప్పింది. డానియేలు మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మోగుతున్న ఫోన్‌ను బోర్లా పడేసిన తన చెయ్యి ఆమెకు అన్న రుమాలులా కనిపించింది.

ఆదివారం పొద్దున ఆమె తల స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్ళు చేరారు. కట్టెల పొయ్యి పక్కన పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపరెమ్మలు కట్టిన బోనం కుండ సిద్ధంగా ఉంది. పాలు, బెల్లం వేసి వండిన అన్నం ఆవిరి కక్కుతోంది. పైన దీపం కూడా వెలిగించారు.

"ఏ బియ్యమమ్మా?"

"డబ్బల బియ్యమే. ఏడు నీళ్ళు కడిగిన," అంది బుచ్చమ్మ తలమీద చుట్టకుదురు సర్దుకుంటూ. "నువ్వు ఒద్దంటె అమ్మోరికి ఎట్ల? కడిగినంక ఏం ఉంటది?"

ఆ అన్నం అమ్మవారికి చూపించాక గల్లీ అంతా పంచుతారు.

"ఎత్తకు," అంది విమల. కుండకూ తల్లికీ మధ్య నిలబడింది.

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పక్కింటి సుందరమ్మ గొంతు తగ్గించి, దయగానే అడిగింది: "ముట్టుకున్నవా బిడ్డా? మైలొచ్చిందా? చెప్తె ఏమైతది, ఇంకో బోనం వండుకుందురు."

ఎంత సులువైన దారి అది. అవునని తల ఊపితే చాలు. అన్నం మట్టిలో పూడ్చేస్తారు, ఎవరూ మరో ప్రశ్న వేయరు, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. మైసయ్య కూడా కొట్టం గుమ్మం నుంచి కళ్ళతో అదే చెబుతున్నాడు, అవునను. ఒంట్లోంచి సహజంగా పోయే నెత్తురును మైల అంటారు, చెప్పగానే నమ్ముతారు. బియ్యం డబ్బా అడుగున దొర్లుతున్న దాన్ని మాత్రం అన్న ప్రేమ అంటారు. గల్లీ బతుకుతుంది సరే. సాయంత్రానికి డానియేలు?

"మైల కాదు సుందరమ్మత్తా," అంది. "ఈ అన్నంల పాదరసం ఉన్నది. మా అన్న నేను పనిచేసే లైట్‌హౌస్‌ల తీసుకొచ్చిండు, చెప్పకుంట. అక్కడ ఇంకో మనిషి మీద దొంగతనం పడ్డది."

బుచ్చమ్మ చుట్టకుదురు తీసి చేతిలో పట్టుకుంది.

విమల అక్కడే నిలబడి అధికారికి ఫోన్ చేసింది. పాదరసం ఎక్కడుందో, ఎవరు తెచ్చారో చెప్పింది. తలుపు తెరిచి పెట్టి వచ్చింది తానేనని, డానియేలు తప్పు ఏమీ లేదని రెండుసార్లు చెప్పింది. దొరికినంతా తీసుకుని రేపు హాజరు కావాలని, ఆమె మీద విచారణ ఉంటుందని, పోలీసు ఫిర్యాదు డానియేలు పేరు మీద మాత్రం పోదని ఆయన అన్నాడు. తర్వాత డానియేలుకు చేసింది. "నిన్న ఫోన్ ఎత్తనందుకు క్షమించు," అంది. అధికారి అన్నదీ చెప్పింది.

సుందరమ్మ తన ఇంటి బియ్యం తెచ్చింది. రెండో బోనం వండారు. బుచ్చమ్మ కూతురితో మాట్లాడకుండానే దాన్ని తలకెత్తుకుంది. డప్పులు గల్లీ మలుపు దాటాయి.

విమల డబ్బాను పెరట్లోకి లాగి, కొట్టం కిటికీలోని సిరంజి కడిగి సూది తీసేసింది. మోకాళ్ళ మీద కూర్చుని సిరంజితో ఒక్కో పూసనూ పీల్చి టానిక్ సీసాలోకి వదలసాగింది. చిటికెన వేలంత నిండిన సీసా కూడా చేతిని కిందికి లాగుతోంది.

మైసయ్య ఊరేగింపు నుంచి మధ్యలోనే తిరిగి వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంక అయిపోలేదా?"

విమల తల ఎత్తలేదు. "దీనికి వాసన ఉండదన్నా," అంది. "రుమాలు దించు. వచ్చి డబ్బా పట్టుకో."

అతను రుమాలు దించలేదు. కానీ వచ్చి డబ్బా ఒక పక్కకు వంచి పట్టుకున్నాడు. అడుగునున్న పూసలన్నీ ఆమె వైపు దొర్లాయి.