వసంతం నుంచి దాక్కునే గంట

చైనా కొత్త సంవత్సరానికి ముందు బెడోక్ మార్కెట్లో పంపరపనస ఆకులు కట్టలు కట్టి అమ్ముతారు. అశుభం కడుక్కోవడానికి నీళ్ళలో వేసుకుంటారు. నిన్న దుకాణంలో ఒకావిడ ఒక కట్ట విదిలించగానే ఆ ఘాటు వాసన తగిలి, కూరగాయల సంచి దించేసి అక్కడే నిలబడిపోయాను. మేయ్ ఆంటీ పోయి రెండేళ్ళవుతోంది. చివర్లో ఆవిడ చేతులకు ఎప్పుడూ అదే వాసన.

ఆవిడ మా ఎదురు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేది. నేను పెళ్ళై అనంతపురం నుంచి ఈ దేశానికి వచ్చిన కొత్తలో లిఫ్టులో పలకరించింది. నెల తిరక్కుండా నా వంటింటి మీద పెత్తనం ఆవిడదే. నేను నీళ్ళోసుకున్న సంగతి నాకంటే ముందు కనిపెట్టిందీ ఆవిడే. ఐదో నెలలో చంద్రగ్రహణం వచ్చింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను, అమ్మ ఫోన్లో హడలగొట్టేసరికి కర్టెన్లు వేసుకుని కదలకుండా పడుకున్నాను. సూప్ గిన్నెతో వచ్చిన ఆంటీకి సంగతి చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మాకూ ఉంది," అంది తన ముక్కల ఇంగ్లీషులో. "లీచున్. వసంతం అడుగుపెట్టే ఘడియ. పుట్టిన ఏడు ఆ ఏడాదికి పడనివాళ్ళు గంట ముందు నుంచి గంట తరవాత దాకా గదిలో దాక్కోవాలి. ఎవర్నీ చూడకూడదు. హాస్పిటల్ వైపు అసలే పోకూడదు. ఈసారి నా వంతు లాహ్, కోడి ఏట పుట్టాను కదా."

చలే ఎరుగని ఊళ్ళో వసంతం రావడమేమిటని వేళాకోళం చేశాను. "మరి నీ గ్రహణం గోడలు దాటి కడుపులోకి వస్తుందా?" అంది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ లీచున్ పొద్దున, ఎనిమిదో నెలలో, నాకు నొప్పి మొదలై రక్తం కనిపించింది. మా ఆయన చాంగీ బిజినెస్ పార్కులో మీటింగులో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. ఆంటీ తలుపు ఎందుకు వేసుకుని ఉందో నాకు తెలుసు. అయినా తట్టాను. రెండోసారి కూడా తట్టాను. తరవాత గడియ తీసిన చప్పుడు. నా నైటీ వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా అంబులెన్సు పిలిచింది. ఆస్పత్రి దాకా నా చెయ్యి వదల్లేదు.

పాప బతకలేదు. మాయ ముందే విడిపోయిందని డాక్టరు చెప్పింది. నేను ఇంటికొచ్చిన రోజు ఆంటీ తన గేటు బయట బకెట్లో పంపరపనస ఆకులు వేసుకుని మోచేతుల దాకా రుద్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళబోతే వెనక్కి జరిగింది.

"రావద్దు. దాక్కోవలసినదాన్ని బయటికొచ్చాను. నా కీడు నీ బిడ్డకి తగిలింది."

డాక్టరు మాట చెప్పాను. తల ఊపింది గానీ నమ్మలేదు. ఫోన్లో అమ్మదీ అదే ధోరణి.

"బయల్దేరేటప్పుడు ఎవురు ఎదురొచ్చినారే?"

నాకు ఒళ్ళు మండింది. "ఎవురూ రాలేదు మా. నేనే ఒకామెకి ఎదురుపోయినా," అన్నాను.

ఆ తరవాత కూడా ఆంటీ సూప్ చేసేది. కానీ చేతికివ్వడం మానేసి, గిన్నె మా గుమ్మం ముందు నేల మీద పెట్టి, బెల్ కొట్టి వెళ్ళిపోయేది. పాప పోయిన దుఃఖం ఒకటైతే, ఆ గిన్నెను నేల మీంచి ఎత్తుకోవడం ఇంకో దుఃఖం. ఏడాది తిరిగేలోగా ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ముదిరింది. వార్డులో మంచం పక్కన కూర్చుని, "మీరు తలుపు తీయకపోతే నేనూ పోయేదాన్ని ఆంటీ, డాక్టరే అంది," అన్నాను.

ఆవిడ పైకప్పు వైపు తిరిగింది. "మళ్ళీ తట్టినా తీస్తాను," అంది. "అదే నా భయం."

చెయ్యి పట్టుకోబోతే దుప్పటి కిందికి లాక్కుంది. ఆ వారమే పోయింది. ఆవిడను నమ్మించలేకపోయాను. ఆ బాధ నాకు తీరదు.

నిన్న ఆ ఆకులు కొనలేదు. ఏటా లీచున్ ఘడియ ఎప్పుడో కనుక్కుని, దానికి ముందూ వెనకా మా తలుపు బార్లా తీసి కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎదురు ఫ్లాట్‌లోకి ఎవరో కొత్త జంట వచ్చారు, వాళ్ళ తలుపు మూసే ఉంటుంది. మా ఆయన ఎందుకని అడగరు. ఆ గంటలో ఎవరికీ తలుపు తట్టవలసిన అవసరం రాకూడదు, అంతే.